నంబర్ మారకుండా నెట్‌వర్క్ మారాలంటే: పోర్టింగ్ ఎక్కడ ఆగిందో తెలుసుకుని సరిచేసుకోవడం

చిత్తూరులో ఉండే మా పెద్దమ్మ ఒక సిమ్ షాపుకి వెళ్లి పోర్ట్ పెట్టమని అడిగింది. వాళ్లు ఆమె ఫోన్ తీసుకుని చూసి, "పోర్ట్ పడడం లేదమ్మా, కొత్త నంబర్ తీసుకో, సాయంత్రానికే పనిచేస్తుంది" అని కొత్త సిమ్ చేతిలో పెట్టారు. పాత సిమ్‌కి రీఛార్జ్ చేయడం మానేసింది. కొన్నాళ్లకు ఆ నంబర్ పోయింది. ఆధార్, బ్యాంకు ఖాతా, గ్యాస్ బుకింగ్, తిరుమల దర్శనం టికెట్ల లాగిన్ అన్నీ ఆ నంబర్ మీదే ఉన్నాయి. ఒక్కో చోట నంబర్ మార్పించుకోవడానికి ఆమె ఎండలో ఎన్నిసార్లు తిరిగిందో నాకు తెలుసు. తర్వాత నేను పాత మెసేజ్‌లు వెతికితే, పోర్ట్ కోసం మెసేజ్ పంపే 1900 అనే నంబర్ నుంచి వచ్చిన జవాబు దొరికింది. అంతకుముందు పోర్ట్ అయి 90 రోజులు నిండలేదని అందులో స్పష్టంగా ఉంది. ఇంకో పన్నెండు రోజులు ఆగి ఉంటే సరిపోయేది.

పోర్ట్ ఆగిందంటే దానికి కారణం ఉంటుంది. ఆ కారణం చాలాసార్లు మన ఫోన్‌లోకే వస్తుంది. నంబర్ వదులుకునే ముందు దాన్ని చదవండి.

1900కి మెసేజ్ పంపాను, జవాబే రాలేదు

మొదట చూడాల్సింది ఏ సిమ్ నుంచి పంపారన్నది. రెండు సిమ్‌ల ఫోన్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. ఏ నంబర్ మార్చాలో అదే సిమ్ నుంచి మెసేజ్ పోవాలి. పోర్ట్ అనే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఒక ఖాళీ వదిలి, పది అంకెల నంబర్ వేయాలి. ముందు సున్నా గానీ 91 గానీ వద్దు. ఫోన్ కీబోర్డు తెలుగులో ఉండిపోయి తెలుగు అక్షరాలతో పంపినవాళ్లను కూడా చూశాను.

తక్కువ ధర రీఛార్జ్‌లో ఎస్సెమ్మెస్‌లు లేవని భయపడక్కర్లేదు. ఏ ప్లాన్‌లో ఉన్నవాళ్లకైనా 1900కి మెసేజ్ పంపే వీలు ఉండాలని 2021 డిసెంబర్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. వ్యాలిడిటీ అయిపోయి సిమ్ నుంచి ఏమీ పోకపోతే మాత్రం ముందు చిన్న రీఛార్జ్ చేయించి మళ్లీ పంపండి. పూర్తిగా రద్దయిన నంబర్‌ని పోర్ట్ చేయలేరు. కాబట్టి పాత సిమ్ బతికి ఉండగానే ఈ పని మొదలుపెట్టాలి. జవాబు స్పామ్ ఫోల్డర్‌లో పడిందేమో కూడా చూడండి.

కోడ్ రాలేదు, కుదరదని మెసేజ్ వచ్చింది

పెద్దమ్మ విషయంలో జరిగింది ఇదే. 2019 డిసెంబర్ 16 నుంచి అమలైన నిబంధనల ప్రకారం అర్హత ఉందో లేదో ముందే చూసి, ఉంటేనే కొత్త కంపెనీ షాపులో చూపించాల్సిన పోర్టింగ్ కోడ్ ఇస్తారు, అక్షరాలు, అంకెలు కలిపి ఎనిమిది ఉంటాయి. లేకపోతే ఎందుకు లేదో చెబుతారు. ఆ మెసేజ్‌ని చెరిపేయకండి.

90 రోజులు కాలేదని ఉంటే ఆగడం ఒక్కటే దారి. సిమ్ కొత్తగా తీసుకున్న రోజు నుంచైనా, కిందటిసారి పోర్ట్ అయిన రోజు నుంచైనా ఆ లెక్క నడుస్తుంది. తేదీ క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి, అప్పటిదాకా పాత సిమ్‌కి రీఛార్జ్ ఆపకండి.

సిమ్ పోయిందనో పాడైందనో అదే నంబర్‌కి డూప్లికేట్ సిమ్ తీసుకుని ఉంటే, ఏడు రోజులు దాటేవరకు కోడ్ ఇవ్వరు. 2024 జూలై 1 నుంచి ఇది అమల్లో ఉంది. వేరేవాళ్లు మన పేరుతో డూప్లికేట్ సిమ్ తీసి, వెంటనే నంబర్‌ని ఎత్తుకుపోకుండా పెట్టిన కట్టడి ఇది. కాస్త ఇబ్బందే అయినా, ఉండాల్సిందే అని నా అభిప్రాయం.

పోస్ట్‌పెయిడ్ వాళ్లకు బిల్లు బాకీ అడ్డం వస్తుంది. గడువు దాటిన బిల్లు కట్టేసి, రసీదు దాచుకుని, ఆ చెల్లింపు వాళ్ల ఖాతాలో కనిపించాక మళ్లీ మెసేజ్ పంపాలి. పోర్ట్ అయ్యాక వచ్చే చివరి బిల్లు కూడా కట్టాలి. ఎగ్గొడితే పాత కంపెనీ అడిగి కొత్త నెట్‌వర్క్‌లో కూడా కనెక్షన్ ఆపించగలదు.

ఇక పేరు. నాన్న పేరు మీదో, చనిపోయిన భర్త పేరు మీదో నంబర్ నడుస్తున్న ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ముందు పాత కంపెనీ దగ్గర పేరు మార్పించుకోండి. పేరు మార్పు నడుస్తుండగా పోర్ట్ అడిగితే కుదరదంటారు. అది పూర్తయ్యాకే 1900కి మెసేజ్ పంపండి. శ్రీసిటీ పరిశ్రమల్లో పనిచేసేవాళ్లలో కంపెనీ ఇచ్చిన సిమ్ వాడేవాళ్లుంటే, ఆ నంబర్ కంపెనీదే. ఉద్యోగం మానేసే రోజు కాకుండా, ముందుగానే కంపెనీ నుంచి అనుమతి పత్రం తీసుకోవాలి. మీ పేరు మీద ఏయే నంబర్లు ఉన్నాయో కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు.

కోడ్ ఉంది, షాపులో తీసుకోవడం లేదు

కోడ్ గడువు నాలుగు రోజులే. శనివారం కోడ్ తెచ్చుకుని, ఆదివారం షాపు మూసి, ఆ తర్వాత పనుల్లో పడి గురువారం వెళ్తే పాతదైపోతుంది. మళ్లీ మెసేజ్ పంపితే కొత్తది వస్తుంది. సున్నాకి బదులు ఇంగ్లీషు 'ఓ' కొట్టడం వల్ల కూడా తప్పు చూపిస్తుంది. కోడ్‌ని నోటితో చెప్పకుండా మెసేజ్ చూపించండి.

మూడు రోజులన్నారు, ఐదు రోజులైనా కాలేదు

సరిహద్దు జిల్లాలవాళ్లం కాబట్టి ఇది మనకు బాగా తగులుతుంది. నగరి, సత్యవేడు, కుప్పం వైపు పనుల కోసం చెన్నైకో బెంగళూరుకో వెళ్లి అక్కడే సిమ్ తీసుకున్నవాళ్లు ఎందరో. ఆ నంబర్ తమిళనాడు లేదా కర్ణాటక సర్కిల్‌ది, అంటే టెలికాం లెక్కలో ఆ ప్రాంతానిది. దాన్ని ఇక్కడికి తెచ్చుకోవచ్చు. 2015 జూలై 3 నుంచి దేశమంతటా ఆ వీలుంది. అయితే ఒకే సర్కిల్‌లో మూడు పనిదినాలు పడితే, సర్కిల్ మారినప్పుడు ఐదు పనిదినాలు పడుతుంది. సెలవులు లెక్కలోకి రావు. నంబర్ వేరే రాష్ట్రానిదని షాపులో ముందే చెప్పండి. హైదరాబాద్‌లో తీసుకున్న సిమ్ అయితే ఈ తేడా ఉండదు, తెలంగాణ, ఆంధ్ర రెండూ ఇప్పటికీ టెలికాం లెక్కలో ఒకే సర్కిల్.

ఆ గడువూ దాటితే కొత్త కంపెనీకి ఫిర్యాదు చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. ఫిర్యాదుల నంబర్ 198. అక్కడ తేలకపోతే అదే కంపెనీలో అప్పీలు చేయవచ్చు. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులు చూడదు, అక్కడికి రాసి రోజులు పోగొట్టుకోకండి.

మనసు మారితే, దరఖాస్తు ఇచ్చిన 24 గంటల్లోపు క్యాన్సిల్ అనే మాట ఇంగ్లీషులో కొట్టి, పక్కన నంబర్ వేసి 1900కి పంపితే పోర్ట్ ఆగిపోతుంది.

కొత్త సిమ్ వేశాను, సిగ్నల్ లేదు

తొందరపడి ముందే వేసి ఉంటారు. పాత సిమ్‌లో సిగ్నల్ పోయేదాకా అదే ఉంచాలి. అది పోయిన తర్వాత కొత్తది పనిచేయడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. ఆ రోజు బ్యాంకు ఓటీపీలతో పని పెట్టుకోకండి. పాత ప్రీపెయిడ్ బ్యాలెన్స్ కూడా రాదు, వాడేసుకోండి.

సిగ్నల్ ఉండి ఇంటర్నెట్ రాకపోతే ఫోన్ ఒకసారి ఆపి వేసి, సెట్టింగ్స్‌లో ఏపీఎన్ (ఇంటర్నెట్ కనెక్షన్ కోసం ఫోన్‌లో ఉండే పేరు) చూడండి. జియోకి జియోనెట్, బీఎస్‌ఎన్‌ఎల్‌కి బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్, రెండూ ఇంగ్లీషు చిన్నక్షరాల్లో. పెద్దవాళ్ల పాత కీప్యాడ్ ఫోన్ అయితే సమస్య వేరు. జియోకి 2జీ లేదు, 4జీ ఉన్న ఫోన్ కావాల్సిందే. సిమ్ మార్చే ముందే ఆ ఫోన్ ఏదో చూడండి.

పోర్టింగ్ కోడ్ చెప్పమని ఎవరో ఫోన్ చేశారు

చెప్పకండి. ఆ కోడ్‌తో మీ నంబర్‌నే తీసుకుపోవాలని చూస్తారు. నంబర్ పోతే బ్యాంకు ఓటీపీలు వాళ్లకే పోతాయి. మీరు అడగకుండానే 1900 నుంచి కోడ్ వచ్చినా, ఉన్నట్టుండి సిగ్నల్ పోయినా, ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి వెంటనే మీ కంపెనీకి, బ్యాంకుకి చెప్పండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.