రెపో రేటు తగ్గింది: మీ అప్పు వడ్డీ ఎంత తగ్గాలో లెక్క చూసుకోవడం ఎలా?

2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా రిజర్వు బ్యాంకు రెపో రేటును నాలుగు విడతల్లో 6.50 నుంచి 5.25 శాతానికి దించింది. మొత్తం తగ్గింపు 1.25 శాతం. మన వైపు వడ్డీ లెక్కలో అది నూటికి నెలకు పది పైసల పైచిలుకు. భీమవరంలో ఇంటి లోను కడుతున్నవాళ్లకి, తాడేపల్లిగూడెంలో మిల్లు మీద క్యాష్ క్రెడిట్ (లిమిట్ లోపు అవసరమైనప్పుడు తీసుకుని కట్టే అప్పు) వాడుకునేవాళ్లకి, అమలాపురం పక్కన రొయ్యల చెరువు మీద అప్పు తెచ్చిన రైతుకి ఆ పది పైసలు ఒకేలా అందవు. ఎవరికి అందాలో, ఎవరికి వర్తించదో శాంక్షన్ లెటర్‌లోని వడ్డీ పేరా తేలుస్తుంది. చాలామంది ఆ కాగితాన్ని లోను తీసుకున్న రోజే బీరువాలో పెట్టేసి మళ్లీ తీయరు. ముందు దాన్ని బయటికి తీయండి.

ధవళేశ్వరంలో తలుపులు ఎత్తినంత మాత్రాన శివారు చేలకి ఆ రోజే నీళ్లు రావు. రెపో కోత కూడా అంతే, అంచెలంచెలుగా దిగుతుంది. ప్రభుత్వ బాండ్ల తాకట్టు మీద రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే స్వల్పకాలిక అప్పుకు వేసే వడ్డీయే రెపో. అది తగ్గగానే బ్యాంకులు ఒకదానికొకటి ఒక్క రాత్రికి ఇచ్చుకునే అప్పుల రేటు దిగుతుంది. తర్వాత ట్రెజరీ బిల్లుల (ప్రభుత్వం స్వల్పకాలానికి తెచ్చే అప్పుల), కొత్త డిపాజిట్ల, కొత్త లోన్ల రేట్లు దిగుతాయి. పాత లోన్ల వంతు చివర్న వస్తుంది. దీనికి కారణం ఉంది: రెండేళ్లకని ఒక రేటుకు తీసుకున్న డిపాజిట్ మీద బ్యాంకు మధ్యలో వడ్డీ తగ్గించలేదు. అందుకే బ్యాంకు తన నిధుల ఖర్చును బట్టి కట్టే లోన్ల మూల రేటు ఎంసీఎల్ఆర్ నెమ్మదిగా కదులుతుంది. ఈ జాప్యాన్ని, రేటు కట్టే తీరులో బ్యాంకుల ఇష్టారాజ్యాన్ని 2017లో జనక్ రాజ్ అధ్యక్షతన రిజర్వు బ్యాంకు అధ్యయన బృందం పరిశీలించి, లోన్ల రేటును బయటి ప్రామాణికానికి, అంటే బ్యాంకు తానే నిర్ణయించని రేటుకు, ముడిపెట్టాలని సూచించింది. ఆ దారిలోనే 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులిచ్చే కొత్త ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) ఇంటి లోన్లు, వాహన లోన్లు, సూక్ష్మ, చిన్న పరిశ్రమల లోన్లు అన్నీ రెపో, ట్రెజరీ బిల్లు వంటి బయటి ప్రామాణికానికి ముడిపడాలన్న నిబంధన వచ్చింది. మధ్యతరహా పరిశ్రమలకు అది 2020 ఏప్రిల్ 1 నుంచి వర్తించింది.

కాగితంలో మూడు విషయాలు వెతకండి. మొదటిది ముడి: ఈబీఎల్ఆర్ (బయటి ప్రామాణికానికి ముడిపడిన రేటు), ఆర్ఎల్ఎల్ఆర్ (రెపోకు ముడిపడిన రేటు), లేదా రెపో అని ఉంటే బయటి ప్రామాణికమే. ఎంసీఎల్ఆర్ అనో బేస్ రేట్ అనో ఉంటే పాత పద్ధతి. రెండోది స్ప్రెడ్, అంటే ఆ రేటు మీద బ్యాంకు కలిపేది. మూడోది రీసెట్ తేదీ, అంటే మీ రేటును కొత్తగా సరిచేసే రోజు. బయటి ప్రామాణికమైతే కనీసం మూడు నెలలకోసారి రీసెట్ జరగాలి, కాబట్టి కోత ప్రకటించాక మూడు నెలల వరకూ ఆగాల్సి రావచ్చు. అంతకు మించితే అడగాల్సిందే. ఎంసీఎల్ఆర్ లోన్లకు ఎక్కువగా ఆరు నెలలకో ఏడాదికో రీసెట్ ఉంటుంది.

ఎక్కువమంది గమనించనిది స్ప్రెడ్. రెపో దిగినా స్ప్రెడ్ పెరిగితే మీకు మిగిలేది ఏమీ ఉండదు. అందులో మీ రుణ చరిత్రను బట్టి వేసే భాగాన్ని, మీ పరపతిలో చెప్పుకోదగ్గ మార్పు వస్తేనే బ్యాంకు మార్చాలి. మిగతా భాగాన్ని మూడేళ్లలోపు పెంచకూడదు. తగ్గించడానికి మాత్రం 2025 అక్టోబరు 1 నుంచి మూడేళ్లు ఆగనక్కర్లేదు. మీలాంటి వాళ్లకి కొత్త లోను మీద ఇప్పుడు ఎంత స్ప్రెడ్ వేస్తున్నారో బ్యాంకు వెబ్‌సైట్‌లో చూసి, మీది ఎక్కువైతే తగ్గించమని రాతపూర్వకంగా అడగండి.

ఇక రేటు నిజంగా తగ్గిందో లేదో స్టేట్‌మెంట్ నుంచే తేల్చుకోవచ్చు. ఆ నెల వేసిన వడ్డీని 365తో గుణించి, నెలలో రోజుల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని నెల మొదట్లో ఉన్న బాకీతో భాగించి, 100తో గుణించండి. ఉదాహరణకు బాకీ 25 లక్షలు, 31 రోజుల నెలకు వడ్డీ 18,579 రూపాయలు అయితే రేటు 8.75 శాతం వస్తుంది. రోజులు లెక్కలోకి తీసుకోకుండా 12తో గుణిస్తే ఒక నెల ఎక్కువగా, ఒక నెల తక్కువగా కనిపించి తికమక పెడుతుంది. మధ్యలో అసలు కొంత కట్టిన నెలను ఈ లెక్కకు వాడకండి. క్యాష్ క్రెడిట్‌లో నిల్వ రోజూ మారుతుంది కాబట్టి ఈ లెక్క అక్కడ కుదరదు. ఏ తేదీ నుంచి ఏ రేటు వేశారో రాసివ్వమని బ్రాంచిలో అడగండి.

రేటు తగ్గాక ఈఎంఐ తగ్గించుకోవాలా, గడువు తగ్గించుకోవాలా? 25 లక్షలు, 20 ఏళ్లకు 8.75 శాతం మీద ఈఎంఐ 22,093 రూపాయలు. 7.50 శాతానికి అది 20,140. నెలకు 1,953 మిగులుతుంది. అలా కాకుండా పాత 22,093నే కడుతూ పోతే 240 నెలల అప్పు 198వ నెలలో తీరిపోతుంది, ఈఎంఐ తగ్గించుకున్నదానితో పోలిస్తే సుమారు 4.77 లక్షల వడ్డీ ఆదా అవుతుంది. చేతిలో ఇబ్బంది లేనివాళ్లు గడువే తగ్గించుకోవాలి. ఈఎంఐ, గడువు, లేదా రెండూ ఎంచుకునే వీలు ఇవ్వాలని, ముందుగా కొంతో మొత్తమో కట్టనివ్వాలని 2023 ఆగస్టు 18 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం. ఎన్ని ఈఎంఐలు మిగిలాయో, అసలు, వడ్డీ ఎంతెంత జమైందో చెప్పే త్రైమాసిక స్టేట్‌మెంట్ కూడా ఇవ్వాలి. ఫైనాన్స్ కంపెనీలకీ ఇది వర్తిస్తుంది.

ఇంటి లోను ఇంకా ఎంసీఎల్ఆర్ మీదే ఉంటే మార్పించుకోండి. జరిమానా లేకుండా ముందే తీర్చే హక్కున్న వ్యక్తిగత ఫ్లోటింగ్ లోన్లను, సహేతుకమైన పాలనా, న్యాయ ఖర్చులు తప్ప వేరే రుసుము లేకుండా బయటి ప్రామాణికానికి మార్చాలి. మార్చాక కొత్త లోనుకు ఉన్న రేటే వేయాలి. రైసు మిల్లువాళ్లైతే పాత లిమిట్‌ను రెన్యూ చేసేటప్పుడే ఈ సంగతి తేల్చుకోవాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి యంత్రాల మీద పెట్టుబడి 25 కోట్లు, టర్నోవరు 100 కోట్లు దాటనిది చిన్న పరిశ్రమే, బయటి ప్రామాణికం నిబంధన దానికీ వర్తిస్తుంది. ఉద్యమ్ సర్టిఫికెట్ (పరిశ్రమ నమోదు పత్రం) బ్యాంకు ఫైలులో ఉందో లేదో చూసుకోండి.

రెపోతో పనిలేని అప్పులూ ఉన్నాయి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు పంట రుణం 7 శాతం, గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతం. అక్కడ చూసుకోవాల్సింది గడువు తేదీనే. చెరువు మీద వ్యవసాయ రుణంగా తీసుకున్న టర్మ్ లోనును బయటి ప్రామాణికానికి ముడిపెట్టాలన్న నిర్బంధం బ్యాంకుకు లేదు, కాబట్టి కొత్తగా తీసుకునేవాళ్లు సంతకానికి ముందే రెపో మీద ఇస్తారా అని అడగాలి. బంగారం లోన్లకు సాధారణంగా స్థిర వడ్డీ. మేత షాపులో అరువుకూ రెపోకూ సంబంధం లేదు. రెండు నెలల అరువుకు నగదు ధర కన్నా నూటికి రెండు రూపాయలు ఎక్కువ వేస్తే అది రూపాయి వడ్డీ, అంటే ఏడాదికి 12 శాతం. బ్యాంకు రేటుతో పోల్చాకే అరువు పెట్టండి.

లెక్క తేడా వస్తే ముందు బ్యాంకుకే రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఆలస్యం చేయకుండా రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఆర్గ్ డాట్ ఇన్‌లో బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టవచ్చు. రుసుము లేదు. సందేహాలకు 14448కి ఫోను చేయవచ్చు. శాంక్షన్ లెటర్, తేడా వచ్చిన నెలల స్టేట్‌మెంట్, మీ లెక్క, బ్యాంకుకు రాసిన ఉత్తరం జతచేయాలి. బ్యాంకుకు చెప్పకుండా నేరుగా వెళ్తే ఫిర్యాదు తీసుకోరు. మీ నకలు మీద అందినట్టు ముద్ర, తేదీ లేకపోతే 30 రోజులు గడిచాయని రుజువు చేయడం కష్టం, కాబట్టి కౌంటర్లో ఉత్తరం ఇచ్చేటప్పుడే అవి వేయించుకోండి.