విమానాశ్రయం వస్తుందని ప్లాటు కొనేవారు చదవవలసిన కాగితాలు

వరంగల్ రిజిస్ట్రేషన్ కార్యాలయం దగ్గర దస్తావేజులు రాయడం నా వృత్తి. ఊరి పక్కన మామునూరులో రాబోయే విమానాశ్రయం గురించి పత్రికలో ఏ చిన్న వార్త పడినా మర్నాడు నా బల్ల ముందు ఇద్దరో ముగ్గురో కూర్చుంటారు. చేతిలో రంగుల కరపత్రం, దాని మీద రెక్కలు చాచిన విమానం, కింద ‘ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలు’ అని పెద్ద అక్షరాలు. ‘వస్తుంది కదా సార్, తీసుకోమంటారా?’ అని అడుగుతారు. తీసుకోమనడం, వద్దనడం నా పని కాదు. ఏ కాగితం దేనికి హామీ ఇస్తుందో, దేనికి ఇవ్వదో చెప్పగలను. ఇంటి స్థలానికి లింకు డాక్యుమెంట్లు తిరగేసినట్టే విమానాశ్రయానికీ తిరగేయాలి.

ముందు ఒకటి తేల్చుకోండి. నేల ఒకరిది, నడిపే హక్కు మరొకరిది, విమానాలు ఇంకొకరివి. ఈ ముగ్గురిలో ఎవరి గురించి వార్త వచ్చిందో చూడకుండా సంతోషపడకూడదు. శంషాబాద్‌నే తీసుకోండి. నేల రాష్ట్ర ప్రభుత్వానిది, కౌలుకు ఇచ్చింది. నడిపేది జీఎంఆర్ ఆధ్వర్యంలోని కంపెనీ. అందులో జీఎంఆర్‌కు 63 శాతం, మలేసియా ఎయిర్‌పోర్ట్స్‌కు 11 శాతం ఉండేవి. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి, రాష్ట్ర ప్రభుత్వానికి చెరి 13 శాతం. మలేసియా వారి 11 శాతాన్ని జీఎంఆర్ 10 కోట్ల డాలర్లకు కొని తన వాటాను 74కు పెంచుకుంది. ‘శంషాబాద్ ఎయిర్‌పోర్టు అమ్మేశారట’ అని అప్పుడు ఒకాయన ఆందోళనగా వచ్చారు. అమ్మింది కంపెనీ వాటాను. ఒక్క గజం నేల కూడా చేతులు మారలేదు, ఒక్క విమానం కూడా పెరగలేదు, తగ్గలేదు.

మామునూరు సంగతి వేరు. నిజాం కాలంలో కట్టిన ఈ ఎయిర్‌స్ట్రిప్‌లో 1981 వరకు విమానాలు దిగాయి. 2024 నాటికి 696 ఎకరాలు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో ఉన్నాయి. రన్‌వే పొడిగింపు కోసం మరో 253 ఎకరాలు సేకరించడానికి రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అంటే ఇక్కడ ప్రైవేటు యజమాని లేడు, కాబట్టి ‘ఫలానా కంపెనీ కొనేసింది’ అని ఎవరైనా చెబితే కాగితం చూపమనండి. రేపు నడిపే హక్కు ఇవ్వరని మాత్రం అనలేం. 2019లో వేలం వేసిన అహ్మదాబాద్, లక్నో, జైపూర్, మంగళూరు, తిరువనంతపురం, గువాహటి ఆరింటినీ అదానీ సంస్థ 50 ఏళ్లకు దక్కించుకుంది. ఆ వేలంలో పాట ధర పెట్టింది ఎకరానికి కాదు, ప్రయాణికుడికి ఇంత అని. అహ్మదాబాద్‌కు తలకు 177 రూపాయలు, మంగళూరుకు 115. విమానాశ్రయం విలువ ఎక్కడుందో ఆ లెక్కే చెబుతుంది.

ఆదిలాబాద్ దారి మరొకటి. అక్కడి నేల వైమానిక దళానిది. పౌర విమానాలు దిగాలంటే ఆ దళం ఒప్పుకోవాలి, ఒప్పుకున్నాక కూడా దాని అవసరాలే ముందు. రామగుండం వారు చెప్పుకునే బసంత్‌నగర్‌ది సిమెంటు ఫ్యాక్టరీ కోసం పుట్టిన స్ట్రిప్. ఒకప్పుడు ప్రభుత్వ సంస్థ వాయుదూత్ విమానాలు దిగాయి కదా అంటారు. నలభై ఏళ్ల కిందట చిన్న విమానం దిగిన చోట ఇప్పటి విమానం దిగుతుందని రూలేమీ లేదు. నిజామాబాద్ దగ్గరి జక్రాన్‌పల్లిలో అసలు స్ట్రిప్పే లేదు, నేల నుంచి మొదలుపెట్టాలి. నాలుగు ఊళ్లకూ కరపత్రం మీద విమానం బొమ్మ మాత్రం ఒకటే.

ఇక షరతులు. దస్తావేజులో మొదటి పేజీ కంటే చివరి పేజీలే నేను ముందు చదువుతాను. శంషాబాద్ కోసం 2004లో కేంద్రంతో చేసుకున్న ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు 25 ఏళ్ల పాటు పోటీ విమానాశ్రయం రాకూడదన్న మాట ఉంది. 2008లో శంషాబాద్ తెరుచుకుంది కాబట్టి ఆ గడువు 2033 దాకా. గగన మార్గంలో కొలిస్తే మామునూరు ఆ గీతకు అంచునే, కానీ లోపల. ఆదిలాబాద్, రామగుండం గీతకు బయట. ఇన్నేళ్లు మన నాయకులు ఎన్ని శంకుస్థాపనల మాటలు చెప్పినా కదలకపోవడానికి ఈ ఒక్క వాక్యం పెద్ద కారణం. హైదరాబాద్ విమానాశ్రయ కంపెనీ మామునూరుకు అభ్యంతరం లేదని చెప్పాకే, 2025 ఫిబ్రవరి 28న కేంద్రం పచ్చజెండా ఊపింది. సొంతదారుకు హక్కు ఉన్నా ఒప్పందం ఆపగలదు అనడానికి హైదరాబాద్ పాత విమానాశ్రయం బేగంపేటే సాక్ష్యం. నేల ఎయిర్‌పోర్ట్స్ అథారిటీదే, రన్‌వే చెక్కుచెదరలేదు, అయినా 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కు పోయాయి.

అమ్మకం వార్తల్లో ధర కంటే ప్రతిఫలం వెనక ఉన్న భారాన్ని చూడాలి. స్కాట్లండ్‌లోని ప్రెస్ట్‌విక్ విమానాశ్రయాన్ని 2013లో అక్కడి ప్రభుత్వం ఒక్క పౌండుకు కొన్నది. పక్కన గ్లాస్గో ఉండగా ప్రెస్ట్‌విక్ నష్టాల్లో మునిగింది, పాత యజమాని వదిలించుకున్నాడు. ఒక్క పౌండుకు కొన్న ప్రభుత్వం తర్వాత 4 కోట్ల పౌండ్లకు పైగా అప్పులిచ్చి దాన్ని నిలబెట్టవలసి వచ్చింది. అదే ఏడాది వేల్స్ ప్రభుత్వం కార్డిఫ్ విమానాశ్రయానికి 5.2 కోట్ల పౌండ్లు పెట్టింది. నది అవతలి బ్రిస్టల్‌తో పోటీ మాత్రం తప్పలేదు. ప్రభుత్వమే యజమాని అయినా విమానం నడిపే కంపెనీని బతిమాలుకోవలసిందే.

ఆ కంపెనీ ఏమి చూస్తుంది? సీట్లు. ఏటీఆర్ విమానంలో 70 పైచిలుకు, ఎయిర్‌బస్ ఏ320లో 180 దాకా. రోజూ అన్ని సీట్లు రెండు వైపులా నిండుతాయా అన్నది దాని లెక్క. హన్మకొండ నుంచి శంషాబాద్‌కు కారులో సుమారు మూడు గంటలు. కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్ రెండు గంటలు. కాబట్టి వరంగల్ నుంచి హైదరాబాద్‌కు విమానం అంటే నేను నమ్మను. బెంగళూరు, తిరుపతి, ముంబయి, ఢిల్లీ అంటే వింటాను. ఎన్‌ఐటీ ఉంది, గీసుకొండ దగ్గర టెక్స్‌టైల్ పార్కులో కైటెక్స్, యంగ్‌వన్ ఫ్యాక్టరీలు ఉన్నాయి, బెంగళూరులో ఉద్యోగాలు చేసే పిల్లలు ఇంటికో ఇద్దరున్నారు. నిజామాబాద్ వారు ఈ లెక్క వేసుకునేటప్పుడు నాందేడ్‌ను, ఆదిలాబాద్ వారు నాగపూర్‌ను కూడా కలపాలి. విమానాశ్రయానికి జిల్లా సరిహద్దు ఉండదు.

రన్‌వే పొడవు అడగడం మరవకండి. మామునూరులో 2,800 మీటర్ల రన్‌వే అనుకున్నారంటే ఏ320 స్థాయి విమానాలను దృష్టిలో పెట్టుకున్నారని అర్థం. అది పూర్తికాకుండా ‘విమానాలు మొదలవుతాయి’ అంటే ఏ విమానాలో అడగాలి.

చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్ర పథకం ఉడాన్ కింద వచ్చిన రూటుకు ఆయుష్షు చూడాలి. 2016లో తెచ్చిన ఆ పథకంలో కొన్ని సీట్లకు టికెట్ ధర మీద పరిమితి పెట్టి, కంపెనీకి వచ్చే లోటును మూడేళ్లు ప్రభుత్వం పూడుస్తుంది. నాలుగో ఏడు సొంత కాళ్ల మీద నిలబడాలి. మనకు దగ్గరి ఉదాహరణ బీదర్. అదీ వైమానిక దళం స్థావరమే, అదీ శంషాబాద్ 150 కిలోమీటర్ల లోపలిదే. 2020లో ట్రూజెట్ బెంగళూరు విమానం వేసింది, ఆ కంపెనీయే మూతపడింది. స్టార్ ఎయిర్ వచ్చింది, 2023 చివర్లో మానేసింది, 2025లో మళ్లీ మొదలుపెట్టింది. టెర్మినల్ అక్కడే ఉంది, విమానాలే వస్తూ పోతూ ఉన్నాయి.

జగిత్యాల, కరీంనగర్ వైపు నుంచి వచ్చేవారు గల్ఫ్ విమానం గురించి అడుగుతారు. వారికి కన్నూరు కథ చెబుతాను. 2018 డిసెంబరులో తెరిచారు, చుట్టూ గల్ఫ్ కుటుంబాలే. కానీ విదేశీ కంపెనీలు దిగడానికి కేంద్రం అనుమతి ఇవ్వలేదు. మన దేశపు విమానాలతోనే నెట్టుకొచ్చింది. ప్రయాణికులున్నంత మాత్రాన రూటు రాదు. విదేశీ కంపెనీ దిగాలంటే రెండు దేశాల మధ్య ఒప్పందంలో ఊరి పేరుండాలి, ఏ కంపెనీకైనా ఇమిగ్రేషన్, కస్టమ్స్ రావాలి.

రూటు వచ్చిందో లేదో తేలేది షెడ్యూలులో. మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం దేశమంతటా విమానాల షెడ్యూలు మారుతుంది. అందులో ఊరి పేరు, కంపెనీ పేరు, వారానికి ఎన్నిసార్లో ఉంటుంది. మంత్రి ప్రకటనకూ దానికీ మధ్య ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు మీ ప్లాటు దగ్గరకు వద్దాం. కరపత్రంలోని ‘పది నిమిషాలు’ను అమ్మకం ఒప్పందంలో ఒక షరతుగా రాయిస్తానని అమ్మేవాడితో అనండి. నా బల్ల దగ్గర ఇంతవరకు ఎవరూ ఒప్పుకోలేదు. సర్వే నంబరు సేకరణ నోటిఫికేషన్‌లో ఉందేమో చూడండి. నక్కలపల్లి, గాడెపల్లి వైపు కొనేవారికి ఇది మరీ ముఖ్యం. సర్వే నంబరును ముక్కలు చేసి, బై నంబరు వేసి కొన్ని గుంటలే చూపిస్తారు, ఆ గుంటలు సేకరించే భాగంలో ఉన్నాయా, మిగిలే భాగంలో ఉన్నాయా అన్నది టిప్పన్ (సర్వే కొలతల పటం) పట్టుకుని సర్వేయరుతో చూపించుకోవాలి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితా, ఆస్తి మీద లావాదేవీలు చూపే ఈసీ, కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) లేఅవుట్ అనుమతి చూసుకోవడం మామూలే. మామూలువి కాబట్టే ఎవరూ చూడరు.

చివరగా ఎత్తు. విమానాశ్రయం చుట్టూ 20 కిలోమీటర్ల మేర కట్టడాల ఎత్తు మీద నిబంధన ఉంటుంది. రన్‌వే కొనలకు ఎదురుగా ఉన్న స్థలాలకు అది మరీ గట్టిది. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ రంగుల పటంలో మీ చోటు ఏ రంగులో పడిందో చూసి, అక్కడ అనుమతించే ఎత్తులోంచి మీ నేల సముద్ర మట్టానికి ఎంత ఎత్తున ఉందో తీసేస్తే మీరు ఎన్ని అంతస్తులు వేయగలరో తెలుస్తుంది. అపార్టుమెంటు కడదామని గుట్ట మీద చోటు కొనేవారు బయానా ఇచ్చేముందే ఈ తీసివేత చేసుకోవాలి.