రెండు మందులు కలిసినప్పుడు: ప్రయోగ ఫలితాలు చదవడం – 3వ పాఠం

పోయిన పాఠంలో ఒకే మందును ప్లాసిబోతో (మందు లేని ఉత్తుత్తి మాత్రతో) పోల్చాం. ఈసారి గంజాయి, డయాజెపామ్ (ఆందోళన తగ్గించే మాత్ర) జోడీ.

రెండూ మనిషిని మందగింపజేసేవే, దారులే వేరు. గంజాయిలోని మత్తు పదార్థం టీహెచ్‌సీ మెదడు కణాల మీది సీబీ1 గ్రాహకాల (రసాయనాలు అతుక్కునే చోట్ల) మీద పనిచేస్తుంది. అవి శరీరం నిలకడను చూసుకునే చిన్నమెదడులోనూ, జ్ఞాపకాలను చూసుకునే హిప్పోక్యాంపస్‌లోనూ దట్టంగా ఉంటాయి. తూలడం, ఇప్పుడే విన్నది మరచిపోవడం అందుకే. డయాజెపామ్, గాబా అనే మెదడు రసాయనం చేసే అణచివేతకు బలమిస్తుంది. నాడీకణాలు అంత తేలిగ్గా స్పందించవు.

ఈ మందగింపును కొలిచే పాత పరీక్ష ఒకటుంది. కాగితం పైన 1 నుంచి 9 దాకా అంకెలు, ఒక్కోదాని కింద ఒక్కో గుర్తు. కింద అంకెలే ఉంటాయి, గుర్తులు మనం వేయాలి. సాధారణంగా 90 సెకన్ల గడువు. చూపు, జ్ఞాపకం, చెయ్యి మూడూ ఒకేసారి పనిచేయాలి కాబట్టి మత్తు ఇట్టే బయటపడుతుంది.

ఇవి అభ్యాసం కోసం వేసుకున్న ఊహా అంకెలు. ప్లాసిబోతో 60 సరైన గుర్తులు, గంజాయి ఒక్కటే అయితే 54, డయాజెపామ్ ఒక్కటే అయితే 50. నష్టాలు 6, 10. ఊరికే కూడితే 16, అంటే జోడీకి 44 రావాలి. 44 దగ్గరే ఆగితే కూడిక ప్రభావం. 36కి పడితే ఒకదాన్నొకటి రెచ్చగొట్టాయన్నమాట. ప్లాసిబో, గంజాయి, డయాజెపామ్, జోడీ అనే ఈ నాలుగు గడుల్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ తేడా తేల్చలేం. జోడీని ప్లాసిబోతో మాత్రమే పోల్చి 'ప్రమాదకరమైన కలయిక' అని శీర్షిక పెట్టేవాళ్లను నేనైతే నమ్మను.

తర్వాత గడియారం చూడండి. పొగగా పీల్చిన టీహెచ్‌సీ రక్తంలో నిమిషాల్లోనే గరిష్ఠానికి చేరుతుంది. తిన్నదానికి గంటలు పడుతుంది. డయాజెపామ్ అర్ధాయువు (రక్తంలో సగానికి తగ్గే సమయం) 20 గంటల పైమాటే, దాని నుంచి పుట్టే పదార్థం ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. రాత్రి మాత్ర వేసుకుని మర్నాడు గంజాయి పీల్చినవాడు ఒక్కటే తీసుకున్నాననుకుంటాడు. రక్తం ఒప్పుకోదు. కాబట్టి పరీక్ష ఏ గంటలో పెట్టారో రాయని నివేదికను పక్కన పెట్టండి.

కాలేయంలోనూ ఒక మెలిక ఉంది. గంజాయిలోని మరో పదార్థం సీబీడీ, డయాజెపామ్ జాతికే చెందిన, మూర్ఛకు వాడే క్లోబజామ్ తాలూకు చురుకైన అవశేషం త్వరగా విరగకుండా అడ్డుపడుతుంది. దాంతో రక్తంలో దాని స్థాయి పెరిగి నిద్రమత్తు ఎక్కువవుతుంది. ఇక్కడ పెనుగులాట మెదడులో కాదు, ఎంజైముల దగ్గర.

అభ్యాసం (ఇవీ ఊహా అంకెలే): స్పందన సమయం ప్లాసిబోకు 300 మిల్లీసెకన్లు, గంజాయికి 330, డయాజెపామ్‌కు 350, జోడీకి 380. అదే వరుసలో తప్పులు 2, 3, 4, 11. వేగంలో ఏం జరిగింది, తప్పుల్లో ఏం జరిగింది? రెండు జవాబులూ విడివిడిగా రాసుకోండి. 4వ పాఠం అక్కణ్నుంచే మొదలవుతుంది.