స్కోపులో బొమ్మ మసకగా వస్తోందా? ముందు లీక్ చూడండి

స్కోపులు (కడుపులోకి పంపి చూసే కెమెరా గొట్టాలు) రిపేరు చేసే మాకు విజయవాడ సూర్యారావుపేట ఎండోస్కోపీ రూముల నుంచి ఎక్కువగా వచ్చే ఫోను ఒకటే: "ఇమేజ్ మసకగా ఉందండీ, లెన్స్ మార్చాలా?" చాలాసార్లు లెన్స్ దాకా వెళ్లక్కర్లేదు.

బొమ్మ మసక

పైన మరకైతే మెత్తటి గుడ్డకు ఆల్కహాల్ అద్ది తుడిస్తే పోతుంది. తుడిచినా పోకుండా, పొయ్యి దగ్గర కళ్లద్దాలకు పట్టినట్టు ఆవిరి కమ్ముతుంటే లోపలికి నీరు చేరిందన్నమాట. ఆ స్కోపును ఇక పేషెంటుకు వాడొద్దు.

లీక్ టెస్టర్ (స్కోపులోకి గాలి ఎక్కించే పరికరం) తగిలించి, గాలి ఎక్కి కొన దగ్గర వంగే భాగంలో రబ్బరు ఉబ్బాకే నీళ్లలో దించండి. కొనను వంచే నాబ్‌లను నాలుగు వైపులా చివరిదాకా తిప్పుతూ చూడాలి. రబ్బరు సాగితే తప్ప బయటపడని సన్నటి రంధ్రాలుంటాయి. కొనను వంచకుండా తిన్నగానే ఉంచి, 'లీక్ లేదు' అని రాసేయడం మనవాళ్లకు బాగా అలవాటు! మొదట్లో ఒకటీ అరా బుడగలు వస్తే కంగారు పడక్కర్లేదు, ఒకే చోట నుంచి ఆగకుండా వస్తే అదే లీక్. అయ్యాక స్కోపును ముందు నీళ్లలోంచి తీసి, గాలి పూర్తిగా దిగాకే టెస్టర్ ఊడదీయాలి. నీళ్లలోనే ఊడదీస్తే లేని లీకు మనమే తెచ్చుకున్నట్టు.

వంగే భాగం నుంచి బుడగలొస్తే రబ్బరు పోయింది. కొత్తది తొడిగి, రెండు చివర్లా దారం చుట్టి, ఎపాక్సీ జిగురు పూసి పూర్తిగా ఆరనిస్తాం. వార్డులో సూపర్ గ్లూ పూసి పంపకండి, అది గట్టిపడి వంపులో పగులుతుంది. బయాప్సీ ఛానెల్ (పరికరాలు లోపలికి పంపే సన్న గొట్టం) నోట్లోంచి బుడగలొస్తే ఫోర్సెప్స్, అంటే ముక్క తీసే పటకారు, లోపల గీరేసిందన్న అనుమానం ముందు వస్తుంది. స్కోపు విప్పి ఛానెల్ మొత్తం మార్చాల్సిందే, ఖర్చు ఎక్కువే.

కొన పూర్తిగా వంగడం లేదు

గ్యాస్ట్రోస్కోపు (నోటి నుంచి కడుపులోకి పంపే స్కోపు) కొన సాధారణంగా పైకి 210, కిందికి 90 డిగ్రీలు వంగాలి. తగ్గిందంటే లోపలి తీగలు సాగాయి. బిగించి సరిచేస్తాం, తెగే దశలో ఉంటే మారుస్తాం.

గాలి, నీళ్లు సరిగా రావడం లేదు

కొన దగ్గర గాలి, నీళ్లు వచ్చే నాజిల్‌లో మ్యూకస్ (లోపలి జిగట) ఎండిపోయి ఉంటుంది, బోరు నీళ్లు వాడేచోట ఉప్పు కూడా. సూదితో పొడవొద్దు. కేసు అవగానే గాలి, నీళ్లు వదిలితే ఈ బాధ చాలావరకు ఉండదు.

రిపోర్టు

'సర్వీస్ చేశాం' అన్న ఒక్క ముక్కతో స్కోపు వెనక్కి తీసుకోవద్దు. సీరియల్ నంబర్, వచ్చినప్పటి ఫోటోలు, లీకు ఎక్కడ, వంపు డిగ్రీలు ముందూ తర్వాతా, మార్చిన భాగం కంపెనీదా బయటిదా, చివరి లీక్ టెస్ట్ ఫలితం, చేసినవారి సంతకం ఉండాలి. ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే సంస్థ) తనిఖీలో మెయింటెనెన్స్ రికార్డులు అడుగుతారు, అప్పుడు వెతుక్కునే టెన్షన్ ఉండదు. పంపేటప్పుడు డిసిన్ఫెక్షన్ చేశారో లేదో మీరూ రాసి పెట్టండి, విప్పేది మా చేతులే కదా. రిపేరయ్యేదాకా స్టాండ్‌బై స్కోపు ఇస్తే దాని సీరియల్ నంబర్ కూడా మీ రిజిస్టర్‌లో ఎక్కించండి, లేకపోతే ఏ పేషెంటుకు ఏ స్కోపు వాడారో తర్వాత తేలదు.