చలిలో చెమట పట్టనివ్వకండి: కొండలకు, ఎడారులకు వెళ్లేవారికి జాగ్రత్తలు

గత నెలలో మంచుకొండ దారిలో మాతో నడిచిన ఒక యువకుడిని ఇద్దరం చెరో భుజం పట్టి కిందికి దింపవలసి వచ్చింది. అతనికి బట్టల కొదవ లేదు. తెల్లవారుజామున చలికి జడిసి, ఉన్నవన్నీ తొడుక్కుని ఏటవాలు ఎక్కాడు. గంట తిరిగేసరికి లోపలి చొక్కా పిండితే నీరు కారేంతగా తడిసింది. పైన గాలి వీచే చోట పావుగంట కూర్చునేసరికి, జాకెట్ జిప్ పట్టుకుని లాగడానికి కూడా వేళ్లు వంగలేదు.

మందపాటి బట్టలు, టోపీ, చేతి తొడుగుల సంగతి అందరికీ తెలిసిందే కనుక వాటి జోలికి పోను. చలిలో మనుషులు కూలిపోవడానికి నేను పదేపదే చూసిన కారణం చెమట. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. శరీరం లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్ నుంచి 35 కంటే కిందికి దిగితే హైపోథెర్మియా మొదలైనట్టే. అందుకు గడ్డకట్టే చలి కూడా అక్కర్లేదు, తడికి గాలి తోడైతే 10 డిగ్రీల వాతావరణంలోనూ ఆ స్థితి రావచ్చు. అందుచేత కాస్త చలిగా అనిపిస్తుండగానే నడక మొదలుపెట్టాలి, ఎక్కుడు రాకముందే ఒక పొర విప్పాలి, ఆగిన వెంటనే, చలి వేసేదాకా చూడకుండా, దాన్ని మళ్లీ వేసుకోవాలి. తడిసిన నూలు బట్ట ఒంటికి అంటుకుని త్వరగా ఆరదు కనుక లోపలి పొర ఉన్నిదో పాలిస్టర్‌దో అయి ఉండాలి.

మాట ముద్దగా రావడం, అడుగులు తడబడటం, ఊరికే విసుక్కోవడం తొలి గుర్తులు. వణుకుతున్న మనిషి అకస్మాత్తుగా వణకడం మానేస్తే కుదుటపడ్డాడని సంతోషించకండి, అది ముదిరిన లక్షణం. ఆ దశలో కొందరు ఉక్కగా ఉందంటూ బట్టలు విప్పేస్తారు; విప్పనివ్వకండి.

ఎండలో ఇదే చెమట ప్రాణాలు కాపాడుతుంది, కానీ దానికి నీరు కావాలి. సీసాలో సగం నీళ్లు మిగిలి ఉండగానే వడదెబ్బకు పడిపోయినవారున్నారు. రేపటికని దాచుకోవడమే వారు చేసిన తప్పు. ఎండలో శ్రమిస్తే గంటకు లీటరుకు పైగా చెమట పోవచ్చు. కాబట్టి దాహమైనప్పుడు తాగండి, పొదుపు చేయవలసింది చెమటను: మధ్యాహ్నం నీడన ఆగి, తెల్లవారుజామునో సాయంత్రమో నడవండి. చొక్కా విప్పకండి, వదులైన పొడుగు చేతుల బట్ట ఎండను ఆపుతుంది. అలాగని తిండి, ఉప్పు లేకుండా గంటల తరబడి ఉత్త నీళ్లే అతిగా తాగినా రక్తంలో సోడియం పడిపోతుంది. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతున్న మనిషిని మోసుకుపోవడానికి తొందరపడకండి. ముందు నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసరండి, సహాయం కోసం కబురు పంపండి.

ఇక మిగిలినవి, తోచిన వరుసలో చెబుతాను.

తడిసిన బట్టలతో స్లీపింగ్ బ్యాగ్‌లోకి దూరకండి.

మంచు తినకండి, కరిగించి తాగండి. నోట్లో కరిగించడానికి ఒంటి వేడే ఖర్చవుతుంది.

చలిలో నీళ్ల సీసాను తలకిందులుగా పెట్టండి. గడ్డ కట్టడం పైనుంచి మొదలవుతుంది, మూత వైపు నీరు నీరుగానే ఉంటుంది.

మద్యం వద్దు.

మూసిన గుడారంలో స్టవ్ వెలిగించకండి. దాన్నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

మంచుకాటు తగిలి, అంటే చలికి గడ్డకట్టిన వేళ్లను రుద్దకండి. మళ్లీ గడ్డకట్టే ప్రమాదముంటే కరిగించనే వద్దు.

స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి.

ఎడారిలో బండి ఆగిపోతే దాన్ని వదిలి నడవకండి. వెతికేవారికి మనిషికంటే బండి ముందు కనిపిస్తుంది.

ఫోన్‌ను చొక్కా లోపల ఉంచండి, చలికి బ్యాటరీ నిలవదు.

మళ్లీ చెబుతున్నాను, ఎక్కుడుకు ముందే జాకెట్ విప్పండి. చెమట పట్టాక విప్పితే అప్పటికే ఆలస్యమైనట్టు.

“మీరు పదండి, కాసేపు కూర్చుని వస్తాను” అన్న మనిషిని ఒంటరిగా వదలకండి. అతని మెడ వెనక నుంచి చొక్కాలోకి చేయి పెట్టి చూడండి. తడిగా ఉంటే అక్కడికక్కడే గాలికి అడ్డు నిలబడి ఆ చొక్కా మార్పించండి.