జిమ్నీకి టాప్ క్యారియర్ పెట్టించే ముందు ఒకసారి తూకం వేస్కోండి

ఫోర్ బై ఫోర్ బండి (నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందేది) కొన్నాక మూడు నెలల్లోపే దాదాపు అందరూ అడిగేది టాప్ క్యారియర్ గురించే. మా రాజమండ్రి వైపు నుంచి మారేడుమిల్లి, చింతూరు రూట్లో క్యాంపింగ్ కి వెళ్ళేవాళ్ళు బాగా పెరిగారు, ప్రతి రెండో బండి మీదా ఒక ఇనప బుట్ట కనిపిస్తోంది. నాది ఐదు డోర్ల మారుతి జిమ్నీ, 2023లో తీసుకున్నా. కాబట్టి దాన్ని పెట్టుకునే చెప్తా, మీది వేరే బండైనా లెక్క ఇదే, అంకెలు మాత్రం మీ మాన్యువల్లోవి వేస్కోండి.

ముందు మాన్యువల్ తీసి రూఫ్ మీద ఎంత బరువు పెట్టొచ్చో చూడండి. జిమ్నీకి 30 కేజీలు. అదీ క్యారియర్ బరువు, సామాను బరువు రెండూ కలిపి. చాలామంది ఇక్కడే పొరపడుతున్నారు, 30 కేజీల సామాను పెట్టొచ్చనుకుని క్యారియర్ బరువు లెక్కలోకే తీసుకోరు. నేనూ మొదట లోకల్ ఫ్యాబ్రికేషన్ షాపులో ఒక ఐరన్ బుట్ట చేయించా, చూడ్డానికి భలే ఉంది, ఎందుకో అనుమానమొచ్చి బిగించకముందే పాత ఇనప సామాన్ల కొట్లో కాటా మీద పెట్టిస్తే 41 కేజీలు తూగింది. అంటే ఖాళీ క్యారియరే లిమిట్ కంటే 11 కేజీలు ఎక్కువ. దాన్ని బండి ఎక్కించకుండానే వెనక్కి ఇచ్చేశా, డబ్బులు సగమే తిరిగొచ్చాయి.

ఇంకో లెక్క కూడా ఉంది. జిమ్నీ ఖాళీ బరువు సుమారు 1,200 కేజీలు, బండితో సహా అన్నీ కలిపి ఉండగలిగే మొత్తం 1,545. మధ్యలో మిగిలేది 345 లోపే. నలుగురు మనుషులు మనిషికి 70 చొప్పున ఎక్కితే 280 అక్కడే పోయింది, ఇక మిగిలిన 60, 65 కేజీల్లోనే బ్యాగులు, నీళ్ళు, స్టవ్వు, టెంటు, క్యారియర్ అన్నీ సర్దుకోవాలి. పైగా బండి వెడల్పు 1,645 మిల్లీమీటర్లయితే ఎత్తు 1,720, అంటే ముందే వెడల్పు కంటే ఎత్తెక్కువ బండి. దాని నెత్తిన బరువు పెడితే ఘాట్ మలుపులో పక్కకి ఎలా ఒరుగుతుందో స్టీరింగ్ పట్టుకున్నవాడికి వెంటనే తెలిసిపోతుంది.

అందుకే జిమ్నీకి రూఫంతా పరుచుకునే ఫుల్ ప్లాట్‌ఫాం వద్దంటా. అల్యూమినియం ప్లాట్‌ఫాం అయినా 20 కేజీలు దాటుతుంది, ఇంకేం పెడతారు పైన? రూఫ్ కి అడ్డంగా వేసే రెండు అల్యూమినియం క్రాస్ బార్లు, వాటిని రూఫ్ కి పట్టి ఉంచే కాళ్ళు కలిపి ఐదారు కేజీల్లో అయిపోతాయి, 24 కేజీల దాకా సామాను పెట్టుకోవచ్చు. చాపలు, ఫోల్డింగ్ కుర్చీలు, స్లీపింగ్ బ్యాగులు, పక్కన చిన్న పందిరి గుడ్డ, ఇవే పైకెక్కాల్సినవి. నీళ్ళ క్యాన్లు, టూల్ బాక్సు, వంట సామాను బండి లోపలే, వెనక సీటుకి ఆనించి కింద పెట్టండి. పెట్రోలు క్యాను, గ్యాస్ సిలిండరు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పైన పెట్టొద్దు, మే నెల ఎండకి రూఫ్ మీద చెయ్యి పెట్టి చూడండి ఎందుకో అర్థమవుతుంది. రూఫ్ టాప్ టెంటు గురించి కూడా అడుగుతుంటారు, అది మామూలుగా 50, 60 కేజీలుంటుంది, జిమ్నీ మీద కుదరదు, అంతే. బండి ఆగి ఉన్నప్పుడు రూఫ్ ఎక్కువే మోస్తుంది నిజమే కానీ ఆ టెంటుని అక్కడిదాకా మోసుకెళ్ళాలి కదా.

మాన్యువల్లో అంకె మంచి రోడ్డుకి అనుకోండి. గుంతల్లో బండి ఎగిరిపడ్డప్పుడు పైన ఉన్న 20 కేజీలు బోల్టుల మీద అంతకి ఎన్నో రెట్ల దెబ్బ కొడతాయి, అందుకే రైనో ర్యాక్ లాంటి క్యారియర్ కంపెనీలు ఆఫ్ రోడ్ కి విడిగా తక్కువ లిమిట్ ఇస్తాయి. నేనైతే అడవి దారుల్లో మూడోవంతు తగ్గించేస్తా.

ఇక ఎక్కడ బిగించాలన్నది. జిమ్నీకి రూఫ్ రెండు పక్కలా వాన నీళ్ళు పోయే గట్టర్ ఉంటుంది, క్లాంపు దాన్ని పట్టుకుంటుంది, ఎక్కడా డ్రిల్లు వేయక్కర్లేదు. రూఫ్ రెయిల్స్ ఉన్న బండ్లకి రెయిల్ ని పట్టుకునే కాళ్ళు వేరే దొరుకుతాయి. మూడు డోర్ల థార్ హార్డ్ టాప్ వాళ్ళు మాత్రం జాగ్రత్త, దాని రూఫ్ ఫైబరుది, బరువు దాని మీద పడకూడదు, బాడీకి బిగించే ఫ్రేమ్ ఉన్నదే తీస్కోండి. ఏ బండైనా సరే రూఫ్ కి కన్నం పెడతానంటే ఒప్పుకోకండి, రెండు వర్షాకాలాల్లో ఆ కన్నం చుట్టూ తుప్పు మొదలవుతుంది, కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న బండికైతే రూఫ్ అంచుల్లోనే అవి మడతపెట్టి ఉంటాయి.

బిగించే రోజు ఇద్దరుండాలి, ఒక గంటన్నర పని. గట్టర్ లో మట్టి, ఎండాకులు బ్రష్షుతో తీసి కడిగి పూర్తిగా ఆరనివ్వండి, తడి ఉండగా బిగిస్తే ఆ తడి క్లాంపు కింద ఇరుక్కుపోతుంది. క్లాంపు కూర్చునే చోట పీపీఎఫ్ (పెయింటుని కాపాడే పారదర్శక ఫిల్మ్) ముక్క అతికించండి, లేకపోతే పెయింటు లేచిపోయి అక్కడినుంచే తుప్పు పడుతుంది. టేపు పెట్టి అద్దం అంచు నుంచి రెండు పక్కలా ఒకే కొలత తీస్కుని కాళ్ళు పెట్టండి, ఒక పక్క ముందుకుంటే బార్ వంకరగా కూర్చుంటుంది. బోల్టులన్నీ మొదట చేత్తోనే ఎక్కించి, బార్లు పెట్టి, నాలుగు తలుపులూ తీసి మూసి కాలుకి ఎక్కడా తగలట్లేదని చూస్కున్నాకే పానా పట్టుకోండి. జిమ్నీ వెనక డోరు పక్కకి తెరుచుకుంటుంది కాబట్టి గొడవ లేదు, ఫార్చూనర్ లాగా పైకి లేచే డోరున్న బండైతే అది క్యారియర్ కి కొట్టుకుంటుందేమో మెల్లగా ఎత్తి చూడండి.

బిగించేటప్పుడు ఒక్క బోల్టునే చివరిదాకా తిప్పేయొద్దు, ఈ మూల కొంచెం ఆ మూల కొంచెం మార్చి మార్చి తిప్పాలి. కిట్ తో వచ్చిన కాగితంలో టార్క్ అంకె, అంటే బోల్టు ఎంత గట్టిగా బిగించాలో ఉంటుంది, ఆ అంకె చూపించే టార్క్ రెంచ్ లేకపోతే తెలిసిన మెకానిక్ దగ్గర గంటసేపు తెచ్చుకోండి. బలం ఉంది కదా అని బిగిస్తే గట్టర్ రేకు వంగిపోతుంది. స్టీల్ బోల్టు అల్యూమినియంకి తగిలే చోట నైలాన్ వాషర్ వేయండి, ముఖ్యంగా కాకినాడ, వైజాగ్ లాంటి సముద్రం గాలి ఉన్న ఊళ్ళలో.

అన్నీ అయ్యాక పెయింట్ మార్కర్ తో బోల్టు తల మీదనుంచి కాలు మీదకి ఒక తెల్లగీత గీయండి. ఇది నాకు చాలా నచ్చిన పని. మొదటి 50 కిలోమీటర్లకి, తర్వాత ప్రతి గతుకుల రోడ్డు తర్వాత దిగి ఆ గీత చూస్తే చాలు, గీత విరిగి పక్కకి జరిగిందంటే బోల్టు కదిలినట్టే. పోయినసారి మారేడుమిల్లి ఘాట్ దిగి టీ కోసం ఆగినప్పుడు నా ఎడమ పక్క వెనక బోల్టు గీత బియ్యపుగింజంత జరిగి కనిపించింది, అక్కడే బిగించా. చూడకపోయుంటే చింతూరు చేరేలోపు ఏమయ్యేదో.

సామాను కట్టడానికి రబ్బరు హుక్కు తాళ్ళని నమ్మొద్దు, బ్రేకు కొడితే సాగుతాయి. రాచెట్ స్ట్రాప్ (మీట లాగి బిగించే పట్టీ) వాడండి, దానికి ఒక మెలిక వేసి కడితే గాలికి బుర్రుమని మోగదు. బరువైనది బార్ల మధ్యలో, అటూ ఇటూ తేలికవి. పట్టా కప్పితే అంచులు ఎగరకుండా లోపలికి దోపండి.

బండి కొత్త ఎత్తు కొలిచి స్టిక్కర్ మీద రాసి స్టీరింగ్ దగ్గర అతికించుకోండి, సెల్లార్ల ముందు 2.1 మీటర్ల బోర్డు కనిపించినప్పుడు ఆలోచించే టైముండదు. అడవిలో వంగిన వెదుళ్ళు కూడా అంతే.

రూల్స్ సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కాబట్టి వెల్డింగ్ జోలికి పోకుండా బోల్టులు విప్పితే ఊడొచ్చేదే పెట్టండి, ఇన్సూరెన్స్ వాళ్ళకి ఒక మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి.

ట్రిప్పు అయిపోయాక బార్లు తీసేయండి. హైవే మీద గాలికి ఊరికే పెట్రోలు కాలుతుంది. తీసినప్పుడు గట్టర్ లో క్లాంపు కూర్చున్నచోట వేలితో తడిమి చూడండి, పీపీఎఫ్ కింద ఇసుక గరుగ్గా తగిలితే ఆ ముక్క పీకేసి కొత్తది వేయండి. బోల్టులు ఒక డబ్బాలో, అలెన్ కీతో సహా, బండిలోనే ఉంచండి.