పీఎఫ్ ట్రస్టు డబ్బుతో ప్రభుత్వ బాండ్లు: కొనేముందు రాసుకోవాల్సిన తారీకులు

గాజువాక వైపు ఒక మధ్యరకం ఫ్యాక్టరీలో పీఎఫ్ ట్రస్టుకి పన్నెండేళ్లు కార్యదర్శిగా పనిచేశాను. మొన్న ఆ సెక్షనులో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఎంవీపీ కాలనీలో మా ఇంటికొచ్చారు. "మేడమ్, ఏ జీ-సెక్ కొంటే ఎక్కువ ఈల్డు వస్తుంది?" అని అడిగారు. జీ-సెక్ అంటే ప్రభుత్వ సెక్యూరిటీ, వాడుకలో ప్రభుత్వ బాండు. ఈల్డు అంటే కొన్న ధర మీద ఏడాదికి వచ్చే రాబడి శాతం. నేను తిరిగి అడిగాను: "వచ్చే జులైలో ఎంతమందికి సెటిల్‌మెంటు చెయ్యాలి?" ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఆ పూట వాళ్లకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మినహాయింపు పొందిన సంస్థల్లో ఉద్యోగుల పీఎఫ్ సొమ్ము కేంద్ర పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌ఓకి వెళ్లదు. సంస్థ పెట్టిన ట్రస్టే దాన్ని దాచి, పెంచి, అడిగిన రోజు తిరిగివ్వాలి. వడ్డీ ఈపీఎఫ్‌ఓ ప్రకటించిన రేటుకి తగ్గకూడదు. తగ్గితే ఆ తేడా యాజమాన్యం భరించాలి. ఏ రకం కాగితంలో ఎంత శాతం పెట్టాలో కేంద్రం నోటిఫికేషన్లో ఉంటుంది, అందులో పెద్ద వాటా ప్రభుత్వ సెక్యూరిటీలది. ఈ శాతాలు మారుతుంటాయి కాబట్టి తాజా నోటిఫికేషన్ని ఫైల్లో మొదటి కాగితంగా పెట్టుకోండి.

బ్రోకరుకి ఫోన్ చెయ్యబోయే ముందు ఉద్యోగుల రిజిస్టరు తెరవండి. పుట్టినతేదీల కాలమ్ మీద వేలు పెట్టి కిందికి దిగండి. మన తరం వాళ్లలో చాలామందికి బళ్లో చేర్చుకున్న మాస్టారు రాసిందే పుట్టినరోజు. అందుకే జులై 1 అన్న తేదీ మళ్లీ మళ్లీ కనబడుతుంది. ఒకటో తేదీన పుట్టినవాళ్లు ముందు నెలాఖరుకి రిటైరవుతారు, అంటే జూన్ 30కి. ఏడాది మొత్తంలో మన చెల్లింపులు జులై మొదటి వారాల్లో కుప్పపడతాయి. ఎవరికి ఎంత రావాలో నెలవారీగా ఒక కాగితం మీద వెయ్యండి. గత మూడేళ్లలో ఇళ్లకి, పెళ్లిళ్లకి, వైద్యానికి ఇచ్చిన అడ్వాన్సుల సగటు దానికి కలపండి. నెలనెలా లోపలికొచ్చే చందా అందులోంచి తీసెయ్యండి. మిగిలిందే మీరు ఏ తారీకుకి ఎంత చేతిలో ఉంచుకోవాలో చెప్పే లెక్క. బాండు ఎంపిక ఆ తర్వాతి పని.

ఈ లెక్క వెయ్యకపోతే ఏమవుతుందో నేను చూశాను. 2013 మేలో 7.16% జీఎస్ 2023 అనే పదేళ్ల బాండు కొత్తగా వచ్చింది. పేరులోనే అంతా ఉంది: ఏడాదికి 7.16 శాతం వడ్డీ, 2023లో అసలు. జూన్‌లో మా ట్రస్టు 50 లక్షల ముఖవిలువకి దాదాపు వంద రూపాయల ధరకే కొన్నది. కొద్ది నెలలకే రూపాయి పడిపోయి, పదేళ్ల ఈల్డు 9 శాతం దాటింది. మార్కెట్లో ఈల్డు పెరిగితే పాత బాండు ధర దిగుతుంది. అప్పటికి మేం కంగారుపడలేదు. దగ్గర ఉంచుకుంటే 2023లో వందకి వంద వస్తుంది కదా.

2014 అక్టోబరు 12 ఆదివారం హుద్‌హుద్ తుపాను వచ్చింది. మా వాళ్ల ఇళ్ల మీద రేకులు లేచిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. వారం తిరిగేసరికి నా టేబుల్ మీద అడ్వాన్సు దరఖాస్తుల కట్ట, కొన్ని ఇంకా తడిగానే ఉన్నాయి. ట్రస్టు బ్యాంకు ఖాతాలో అంత డబ్బు లేదు. ఉన్నదంతా పొడుగు బాండ్లలో ఉంది. ఆ 7.16 బాండు అప్పటికి 92 దగ్గర ఆడుతోంది. అమ్మాం. 50 లక్షల మీద 4 లక్షలు పోయింది.

తర్వాతి మీటింగులో మా కార్మిక ట్రస్టీ, క్రేన్ ఆపరేటరు, నిలబడి అడిగాడు: "ఏటమ్మా, గవర్నమెంటు బాండంటే నట్టం రాదన్నారు గదా? మరీ నాలుగు లచ్చలేటి?" ప్రభుత్వం మాట తప్పలేదు. గడువు దాకా ఆగలేకపోయింది మేమే. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ ట్రస్టు నిధులకి అక్కడి ట్రెజరీ ప్రత్యేక బాండ్లు ఇస్తుంది, గడువుకి ముందు వెనక్కిచ్చినా ముఖవిలువ ఇచ్చేస్తుంది. మనకి ఆ వెసులుబాటు లేదు. బజార్లో ఆ రోజు ఏ ధర ఉంటే దానికే అమ్మాలి.

కాబట్టి ఏడాదిలోపు ఇవ్వాల్సిన డబ్బుని పొడుగు బాండులో పెట్టకండి. దానికి ట్రెజరీ బిల్లులున్నాయి: 91, 182, 364 రోజులవి. వీటికి విడిగా వడ్డీ ఉండదు, తగ్గింపు ధరకి కొంటాం, గడువుకి వంద వస్తుంది. 91 రోజుల బిల్లు 98.40కి దొరికిందనుకోండి. లాభం 1.60. దాన్ని 98.40తో భాగించి, 365/91తో హెచ్చవేస్తే ఏడాదికి సుమారు 6.52 శాతం. ఈ లెక్క మీరే కాలిక్యులేటరు మీద వేసుకోండి, అవతలివాళ్లు చెప్పిన ఈల్డుతో సరిచూడండి. నోటిఫికేషన్ ప్రకారం బిల్లుల్ని ఏ పద్దు కింద చూపాలో ముందే ఆడిటరు చేత రాయించుకోండి.

ఇక కొనే పద్ధతి. ట్రస్టు పేరు మీదే, ట్రస్టు పాన్‌తో, బ్యాంకులో గానీ ప్రైమరీ డీలరు (ప్రభుత్వ బాండ్ల వ్యాపారానికి ఆర్‌బీఐ గుర్తించిన సంస్థ) దగ్గర గానీ గిల్ట్ ఖాతా, అంటే ప్రభుత్వ బాండ్లు దాచే ఖాతా, తెరవాలి. ట్రస్టీల పేరు మీదా కంపెనీ పేరు మీదా కాదు. 2021 నవంబరు 12న మొదలైన ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్ (ఆర్‌బీఐ దగ్గరే నేరుగా ఖాతా తెరిచి బాండ్లు కొనే పథకం) వ్యక్తులకే, ట్రస్టుకి పనికిరాదు. బిల్లుల వేలం మామూలుగా బుధవారం జరుగుతుంది, డబ్బు గురువారం కట్టాలి. కేంద్ర బాండ్ల వేలం శుక్రవారం, డబ్బు కట్టేది సోమవారం. రాష్ట్రాల బాండ్లు మంగళవారం. వాటి మీద కొంచెం ఎక్కువ వస్తుంది గానీ, మధ్యలో అమ్మబోతే కొనేవాళ్లు అంత తొందరగా దొరకరు.

మనలాంటి చిన్న ట్రస్టులకి నాన్-కాంపిటీటివ్ బిడ్డే మేలు. కేంద్ర బాండ్ల వేలంలో ఐదు శాతం దాకా ఇందుకు కేటాయిస్తారు, ఒక్కో వేలంలో 10 వేల నుంచి 2 కోట్ల దాకా అడగొచ్చు. ధర మనం చెప్పనక్కర్లేదు. పెద్ద సంస్థలు గెలిచిన ధరల సగటుకే మనకీ ఇస్తారు. మధ్యలో ఉన్న బ్యాంకు వందకి 6 పైసల దాకా తీసుకోవచ్చు, అంటే 50 లక్షలకి 3 వేలు. సెకండరీ మార్కెట్లో, అంటే ఒకరి దగ్గరున్న బాండుని ఇంకొకరు కొనే చోట, మామూలు లాటు 5 కోట్లు. అంతకంటే తక్కువైతే ఆడ్ లాట్ అంటారు, ధర మనకి అంత అనుకూలంగా ఉండదు.

సెకండరీలో కొంటే ఇంకొకటి. పాత యజమాని దగ్గర బాండున్న రోజులకి వడ్డీ మనం ముందే కట్టాలి. మా పాత 7.16 బాండే ఉదాహరణ: మే 20, నవంబరు 20న వడ్డీ ఇచ్చిన ఆ బాండుని అప్పట్లో ఆగస్టు 20న తీసుకుని ఉంటే, నెలకి 30 రోజుల లెక్కన 90 రోజులది వందకి 1.79. 50 లక్షలకి 89,500. దీన్ని బాండు ఖరీదులో కలిపేసి చిక్కుల్లో పడ్డ ట్రస్టుల పుస్తకాలు చూశాను. అది రావాల్సిన వడ్డీ, నవంబరులో తిరిగొస్తుంది. విడిగా రాయండి.

వడ్డీ తేదీలు వేరువేరుగా ఉన్న బాండ్లు ఎంచుకోండి. ఆరు బాండ్లు సరిగ్గా కుదిరితే ప్రతి నెలా ఏదో ఒకటి జమ అవుతుంది, అడ్వాన్సులకి అదే చాలా ఆసరా. వడ్డీ రోజు సెలవైతే తర్వాతి పనిరోజున వస్తుంది. అసలు తిరిగొచ్చే రోజు సెలవైతే ముందు పనిరోజునే వస్తుంది.

డబ్బు మాత్రం ఎవరి చేతికీ ముందు ఇవ్వకండి. 2002లో కొన్ని సహకార బ్యాంకులు, ఒక పీఎఫ్ నిధి బ్రోకరుని నమ్మి డబ్బు కట్టి, బాండ్లు చేతికి రాక మునిగాయి. మీ ఖాతాలోంచి డబ్బు కదలడం, గిల్ట్ ఖాతాలోకి బాండు రావడం ఒకేసారి జరగాలి. నెలాఖరున ఆ ఖాతా స్టేట్‌మెంటు మీరే తెప్పించుకుని రిజిస్టరుతో వరసగా టిక్కు పెట్టండి.

ఆ రిజిస్టరులో హుద్‌హుద్ తర్వాత నేను ఒక కాలమ్ కలిపాను: ఈ బాండు ఏ చెల్లింపు కోసం. అది ఖాళీగా ఉంటే మా క్రేన్ ఆపరేటరు సంతకం పెట్టేవాడు కాదు. "ఇది ఎవుల కోసమమ్మా?" అని అడిగేవాడు.

ఆ అమ్మాయిలు సంచిలోంచి ఉద్యోగుల జాబితా తీసి మా భోజనాల బల్ల మీద పరిచారు. వచ్చే జులైకి పదకొండు మంది తేలారు. వాళ్ల డబ్బుకి జూన్ చివర్లో గడువు తీరే బిల్లు ఏ బుధవారం కొనాలో ఫోన్ క్యాలెండర్లో గుర్తు పెట్టుకుని, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయారు.